బొమ్మ గూడ్సుబండికి సరుకెక్కడిది?

బొమ్మరైలు అనగానే పెద్దలకు పిల్లల ఆట జ్ఞప్తికి వచ్చును. తాళముచెవి త్రిప్పి విడిచినచో గుండ్రని పట్టాలమీద నాలుగు చుట్లు తిరిగి, మంచపుకోడుకు కొట్టుకొని బోర్లపడు రేకుబండి అది. కాని ఐరోపాలోను, అమెరికాలోను ఈ ఆటను పెద్దలు కైవసము చేసికొని చాలకాలమైనది. అక్కడివారు ఒక గదినిండ బల్లలు పరచి, వానిపై కొండలు, వంతెనలు, స్టేషనులు, ఊళ్లు నిర్మించి, నిజమైన రైలుమార్గమును ఎనుబదియేడవ వంతునకో, డెబ్బదియారవ వంతునకో తగ్గించి నడిపింతురు. కొందరు ఉన్న మార్గమునకే నకలు తీయుదురు. మరికొందరు లేని మార్గమును కల్పింతురు. ఈ రెండవవారి పనియే కష్టము. నకలు తీయువాడు చూచినదానిని చూచినట్లు చేసిన చాలును. కల్పించువాడు ప్రతిదానికిని కారణము చెప్పవలెను.

ప్రయాణికుల బండికి కారణము వెదుకనక్కరలేదు. ఊరున్నచోట పెండ్లియుండును, కోర్టు వ్యవహారముండును, బడియుండును. జనము ఎక్కుదురు, దిగుదురు. గూడ్సుబండి సంగతి అట్లు కాదు. ఒక పెట్టె స్టేషనులో నిలిచియున్నదనగా ఎవరో ఏదో వస్తువును ఎక్కడనో పండించిరి, లేదా త్రవ్విరి, లేదా చేసిరి. మరియొకచోట మరియొకరు దానికై ఎదురుచూచుచున్నారు. రైలుకూలి భరించిన తరువాత కూడ ఇద్దరికిని ఎంతోకొంత మిగిలినది. ఇన్ని సంగతులు కుదిరిననేగాని ఆ పెట్టె కదలదు. అమెరికాలోని న్యూ ఆర్లియన్సు నగరమున ‘డెల్టా లైన్స్’ అను కల్పిత రైలుమార్గమును నిర్మించిన ఫ్రాంక్ ఎల్లిసన్ 1940లలో ఈ విద్యను నాటకముతో పోల్చెను. బల్ల రంగస్థలము, బండ్లు పాత్రలు, కాలపట్టిక కథ అని ఆయన భావము. ఆ పోలికను ఇంకొక అడుగు సాగించినచో గూడ్సుపెట్టెలోని సరుకు పాత్ర పలుకు మాట యగును. మాట పాత్రకు తగకున్నచో వేషమెంత బాగున్నను ప్రేక్షకుడు నవ్వును.

శ్రీకాకుళము జిల్లాలోని పొందూరునే తీసికొని చూచినచో ఈ కష్టమెట్టిదో తెలియును. కటకమునుండి బెజవాడవరకు తూర్పుతీరపు రైలుమార్గము 1893–1896 సంవత్సరముల నడుమ ఏర్పడినది. కలకత్తానుండి మద్రాసునకు పోవు ఆ ముఖ్యమార్గముమీదనే పొందూరు స్టేషనున్నది. ఉత్తరమున దూసి, నాగావళి వంతెన, ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్డు స్టేషను. దక్షిణమున సిగడాము, బాతువ, చీపురుపల్లి, గరివిడి, నెల్లిమర్ల, విజయనగరము. ఇంతవరకు యథార్థము. ఇక కల్పన. పొందూరు స్టేషను వెనుకనుండి ఒక శాఖ విడివడి పొలములగుండ రాజామునకు, అక్కడనుండి పాలకొండకు పోవుచున్నదనుకొనవలెను. అట్టి దారి ఏ రైల్వే పటములోను లేదు. ఒక ఉన్నతపాఠశాలలో భూగోళము చెప్పు ఉపాధ్యాయుడును, ఆయన తరగతి విద్యార్థులును అట్టలతోను, రంపపుపొట్టుతోను ఆ శాఖను బల్లమీద నిర్మించుచున్నారని భావింపవలెను. పట్టాలు పరచుట, పొలములకు పచ్చరంగు పూయుట రెండువారముల పని. ఆ తరువాత ఎవడో ఒక కుఱ్ఱవాడు అడుగక మానడు: “ఈ పెట్టెలలో ఏమి పోవును, మాష్టారూ?”

సమాధానము చెప్పుటకు ముందు పొరుగున జరిగినది చూచుట మంచిది. ఇట్టి చిన్నదారి ఆ సీమకు క్రొత్తది కాదు. పర్లాకిమిడి సంస్థానాధీశుడు నౌపడ స్టేషనునుండి తన రాజధానికి 25 మైళ్ల రైలుమార్గమును సుమారు ఏడులక్షల రూపాయల వ్యయముతో వేయించెను. రెండున్నర అడుగుల వెడల్పుగల ఆ దారి 1900లో ప్రారంభమైనది. రాజుగారు దారి వేయించిరి గాని లాభము వెంటనే రాలేదు. తొలి పదియేండ్లును ఆ రైలు నష్టముమీదనే నడచినది. 1910 తరువాత కొంచెము లాభము కనబడినది. 1924–25 తరువాతగాని అది చెప్పుకొనదగినంత కాలేదు. అప్పుడే దారిని గుణుపురమునకు పొడిగించు ధైర్యము కలిగినది. ఆ పొడిగింపు 1931 నాటికి ముగిసినది. సంస్థానపు ఖజానా వెనుక నున్నందున ఆ బండి పదియేండ్లు నిలువగలిగినది. లేనిచో పట్టాలు పెరికి అమ్ముకొనవలసి వచ్చెడిదేమో!

బొమ్మరైలు వేయువాడు ఈ పదియేండ్ల నష్టమును మరువరాదు. 1905 నాటి నౌపడను బొమ్మగా చేయుచు, బారెడు బండిని కట్టి, ప్రతిపెట్టెను బస్తాలతో నింపుట చరిత్రకు ఒప్పదు. బండి పొట్టిగా నుండవలెను. రెండు పెట్టెలు ఖాళీగానే పోవలెను. అయితే ఆ దారికి ప్రకృతి ప్రసాదించిన సరుకొకటి కలదు. నౌపడ ప్రాంతము ఉప్పుమళ్లకు పేరుపొందినది. సముద్రపుటొడ్డున ఉప్పు, కొండదాపున ఉప్పులేని జనము, నడుమ రైలు. ఇంతకంటె సహజమైన గూడ్సు ఎక్కడను దొరకదు. పైగా నౌపడలో రెండు వెడల్పుల పట్టాలు కలిసెడివి. చిన్నపట్టాల పెట్టె పెద్దపట్టాలమీదికి పోజాలదు. కావున ఒక దారినుండి వేరొక దారికి పోవలసిన ప్రతిబస్తాయు కూలివాని వీపుమీద మారవలసినదే. బొమ్మలో అట్టి కూలివాండ్రు పదిమంది లేనిచో అది నౌపడ జంక్షను కానేకాదు. ఒక చిత్రమైన సౌకర్యము కూడ ఇక్కడ నున్నది. భారతదేశపు పెద్దపట్టాల వెడల్పు 1,676 మిల్లీమీటర్లు. ఎనుబదియేడవ వంతు చేసినచో 19 పైచిలుకు. ఆ కొలతకు బజారులో దొరకు బొమ్మపట్టాలు 16.5 మిల్లీమీటర్లవి, చూపునకు ఇరుకుగా తోచును. చిన్నపట్టాల 762 మిల్లీమీటర్లకు ఎనుబదియేడవ వంతు 8.76, వేరొక జాతి బొమ్మలకై చేసిన 9 మిల్లీమీటర్ల పట్టాలు దీనికి చక్కగా సరిపోవును. అనగా కలకత్తా మెయిలుకంటె పర్లాకిమిడి బండినే నిజమునకు దగ్గరగా చేయవచ్చునన్నమాట. ఆ చిన్నదారి 2004లో మూతపడి, పెద్దపట్టాలతో 2011లో మరల తెరవబడినది. బొబ్బిలినుండి సాలూరునకు 1913లో వేసిన శాఖ మొదటినుండి పెద్దపట్టాలదే. మన కల్పితశాఖకు అది అన్నవంటిది.

ఇక పొందూరు. ఆ పేరు వినగానే ఎవరికైనను మొదట తోచునది ఖాదీ. కాబట్టి ఆ కుఱ్ఱవాని ప్రశ్నకు తరగతి అంతయు ఒక్కగొంతుకతో “ఖాదీ!” అనును. ఒక పెట్టెకు తెల్లరంగు వేసి దానిపై ‘పొందూరు ఖాదీ’ అని వ్రాయవలెనని కూడ ఎవరో ఒకరు సూచింతురు. బొమ్మరైళ్లవారు తరచుగా చేయు పొరపాటు ఇదియే. ఊరికి దేనివలన పేరు వచ్చినదో దానినే పెట్టెకెక్కింతురు. రైల్వేవారి లెక్కపుస్తకములలో బరువునకు గడి కలదు, దూరమునకు గడి కలదు, కూలికి గడి కలదు. ఊరి కీర్తికి గడి లేదు.

ఆ బట్ట పుట్టు విధము తెలిసినవారికి ఇందలి తప్పు వెంటనే తెలియును. కొండపత్తి, పునాసపత్తి అను స్థానికపు పత్తులను చేతితో ఏరి, వాలుగచేప దవడయెముక పండ్లతో దువ్వి, గింజ తీసి, దూదిని ఏకి, ఏకులు చుట్టి, ఒంటికదురు రాట్నముమీద వడకుదురు. వడకువారు స్త్రీలు. నూలు నూరు నంబరునకు చేరును. అంతకు మించుటయు కలదు. గాంధీమహాత్ముడు ఈ సన్ననూలును మెచ్చుకొనిన సంగతి దేశమెరిగినదే. నంబరనగా నేమో విద్యార్థులు లెక్కకట్టి చూడవచ్చును. ఒక పౌను నూలులో 840 గజముల చిలపలు ఎన్ని యున్నవో అదియే దాని నంబరు. నూరు నంబరు నూలు పౌనునకు 84,000 గజములు, అనగా దాదాపు 77 కిలోమీటర్లు. ఆ నూలు కొసను పొందూరు స్టేషనులో ఒక స్తంభమునకు కట్టి, ఉండ చేతబట్టుకొని మద్రాసువైపు బండి ఎక్కినచో, విజయనగరము దాటిన తరువాతగాని ఉండ తరుగదు. అంత దారమును ఒక పిల్లవాడు అరచేత పట్టుకొనగలడు.

ఇప్పుడు పెట్టె లెక్క చూడవలెను. పూర్వపు నాలుగుచక్రాల మూతపెట్టె సుమారు 22 టన్నుల బరువు మోసెడిది. సన్నఖాదీ పంచె అరకిలో తూగుననియే లెక్కకు అనుకొందురు గాక. ఒక్క పెట్టె నిండుటకు 44,000 పంచెలు కావలెను. ఒక మగ్గము నెలకు పది పంచెలు దించుననుకొన్నను, నూరు మగ్గములు ఎడతెగక పనిచేసినచో మూడేండ్ల ఎనిమిది నెలలకు ఒక పెట్టె నిండును! అంతవరకు ఆ పెట్టె సైడింగులో తుప్పుపట్టుచుండవలెను. దానిని రోజు విడిచి రోజు బొమ్మ ఇంజనుకు తగిలించి పరుగెత్తించువాడు, తనకు తెలియకయే పొందూరును ఒక నూలుమిల్లుగా మార్చినవాడగును. రాట్నము ముందు దినమంతయు కూర్చుండి కొన్ని చిలపలు మాత్రమే తీయు స్త్రీల శ్రమ ఆ బొమ్మలో కనబడకుండ పోవును. పొగడవలెనని చేసిన పనియే అగౌరవముగా పరిణమించును. ఖాదీకి తగిన స్థానము గూడ్సుషెడ్డు కాదు. ప్రయాణికుల బండి గార్డుపెట్టెలో ఒక పార్సెలు మూట, ప్లాట్‌ఫారముమీద చంకలో చిన్నకట్టతో నిలిచిన ఒక మనుష్యుడు, ఇంతకుమించి చూపనక్కరలేదు.

మరి పెట్టెలు నింపు సరుకేది? అది పేరులేని సరుకు. వానాకాలపు పంటగా ఆ జిల్లాలలో పండు గోగు అట్టిది. కోసి, కట్టలుగట్టి, చెరువులలో నానబెట్టి, ఆ కుళ్లువాసనలో నిలిచి ఒలిచిన నారను ఎవరును పాటగా పాడలేదు. కాని వర్తకులలో దానికి భీమునిపట్టణము పేరిట ‘బిమ్లీ జూటు’ అని దూరదేశములలో కూడ చలామణి యుండెను. రాజాము ప్రాంతమున గోగునార వ్యాపారము సాగినది. నెల్లిమర్లలో స్వాతంత్ర్యమునకు ముందునుండియు జనుపనార మిల్లు కలదు. కల్పితశాఖమీద రాజామునుండి నారబేళ్లు దిగి, పొందూరులో ముఖ్యమార్గమెక్కి, నెల్లిమర్ల చేరుట ఎంతయు సమంజసము. దూరము తక్కువ గదా, ఎడ్లబండ్లు చాలవా యని అడుగవచ్చును. చాలును కూడ, అందుచేతనే కొన్ని దినములు పెట్టె రాకుండుటయు సమంజసమే. ఇటువంటి అనుమానమునకు తావిచ్చు సరుకే నిజమైన సరుకు.

ఆ నార మిల్లులో గోనెసంచి యగును. ఖాళీ సంచుల కట్టలు తిరిగి రాజాము, పాలకొండ బియ్యపుమిల్లులకు వచ్చును. అవియే బియ్యముతో నిండి మరల బయలుదేరును. నార పోయినది, సంచి వచ్చినది, బియ్యము పోయినది. మూడు ప్రయాణములు, ముగ్గురు వర్తకులు, మూడు రైల్వే రసీదులు. ఒకే పొలముగట్టున ప్రక్కప్రక్కల పెరిగిన గోగు, వరి ఇట్లు ఒకదానిని మరియొకటి మోసికొని పోవును. బొమ్మరైలు నడుపువానికి ఇంతకంటె మంచి కథ లేదు. ఇక్కడ ఇంకొక మెలకువ కావలెను. 22 టన్నుల పెట్టెను నింపుటకు ఎడ్లబండికి టన్ను చొప్పున తెచ్చినను 22 బండ్లు రావలెను. షెడ్డు ముందు ఒక పెట్టె, రెండు బండ్లు నిలిపి ఊరుకొన్నచో అది పటమువలె అందముగా నుండును గాని, ఆ రెండు బండ్లు పదకొండుమార్లు తిరుగుచున్నవని చూచువారు నమ్మవలెను.

చీపురుపల్లి, గరివిడి వైపునుండి వచ్చు మాంగనీసు రాయి వేరొక పాఠము నేర్పును. విజయనగరము ప్రాంతమున మాంగనీసు త్రవ్వకము 1892లో ప్రారంభమైనది. అనగా ఆ గనులు రైలుమార్గముకంటె వయసులో పెద్దవి. 1933లో విశాఖపట్టణము రేవు తెరచిన పిదప ఆ రాతికి ఓడ దగ్గరయైనది; 1950ల చివరిలో గరివిడిలో ఫెర్రో మాంగనీసు ఫ్యాక్టరీ వెలసినపిమ్మట కొంతరాయి ఇంటిముంగిటనే కరగసాగినది. ఆ రాయి మిక్కిలి బరువు. మూతలేని పెట్టెలో అనుమతించిన టన్నులు పోసినచో పెట్టె సగమునకు అటునిటుగా మాత్రమే నిండును. పైనుండి చూచువానికి ఖాళీపెట్టెవలె కనబడును. బొగ్గయినచో అంచువరకు వచ్చును. నారబేళ్లు లోకప్పువరకు తాకినను తూకము తక్కువే. బొమ్మలు చేయువారు మాంగనీసును గోపురమువలె పోగుచేసి పెట్టుట పెక్కుచోట్ల కనబడును. నిజముగా అంత పోసినచో ఆ పెట్టె ఇరుసులు విరుగవలసినదే. కుప్ప ఎత్తు చూచి సరుకు పేరు చెప్పగలవాడే ఈ విద్యలో ఆరితేరినవాడు.

విశాఖపట్టణము దగ్గరనే యున్నది గదా యని ఇనుపరాతి బండ్లను కూడ పొందూరు మీదుగా నడుపవలెనని మరియొకనికి తోచవచ్చును. బైలడిల్లా గనుల ఇనుపరాయి 1960లలో వేసిన కిరండూలు మార్గమున అరకుకొండలు దిగి, కొత్తవలసవద్ద ముఖ్యమార్గమును కలియును. కొత్తవలస విజయనగరమునకు దక్షిణమున నున్నది. కావున ఆ రాయి పొందూరు ముఖము చూడదు. రాయపూరు మార్గమున వచ్చు సరుకు కూడ విజయనగరము దగ్గరనే కలిసి రేవునకు పోవును. పటము తెరచి వేలితో దారి వెంబడించు అలవాటు ఉన్న విద్యార్థి ఇట్టి తప్పు చేయడు. పొందూరు మీదుగా పోదగినది తాల్చేరు బొగ్గు, ఉత్తరదేశమునకును దక్షిణమునకును మారు ధాన్యము, విశాఖపట్టణములో 1957లో నెలకొనిన నూనెశుద్ధి కర్మాగారమునుండి పోవు పీపాపెట్టెలు. ఇవన్నియు దారిన పోవు దానయ్యలు. పొందూరులో ఆగవు, ఆగినను సిగ్నలు కొరకే. అయినను ముఖ్యమార్గమున్న స్టేషనులో పదిబండ్లు ఊరికే దాటిపోవుచుండవలెను, ఒకటి ఊరికొరకు ఆగవలెను. గోడవెనుక, తెరమరుగున నాలుగు పట్టాలు పరచి, ఒకవైపునకు కలకత్తా, మరియొకవైపునకు మద్రాసు అని పేరుపెట్టుకొన్నచో ఈ దాటిపోవు బండ్లకు పుట్టినిల్లు, మెట్టినిల్లు రెండును ఏర్పడును. అమెరికాలో ‘వర్జీనియన్ అండ్ ఒహాయో’ అను లేనిదారిని తన ఇంటి నేలమాళిగలో నడిపిన ఆలెన్ మెక్లెలండ్ ఈ పద్ధతినే నిలబెట్టి పేరుపొందెను. తన గదికి వెలుపల కూడ దేశమున్నదని చూచువానికి తోపించుట ఆయన పట్టుదల.

కాని పై సరుకులన్నిటికిని ముందు తేల్చవలసినది సంవత్సరము. విద్యార్థులకు సహజముగా ఈనాటి బండ్లమీదనే మోజు. ఈనాటి బొగ్గుబండికి 58 పెట్టెలు. ఒక్కొక్క పెట్టె పొడవు 10.7 మీటర్లు. ఎనుబదియేడవ వంతు చేసినచో పెట్టెకు పన్నెండు సెంటీమీటర్లకు పైగా. 58 పెట్టెలకు ఏడుమీటర్లు దాటును, ఇంజనుగాక! తరగతిగది ఈ గోడనుండి ఆ గోడకు ఒకే బండి. అది ఒక వంపు తిరుగకముందే గంట కొట్టుదురు. 1960 నాటి బండి యైనచో ఎనిమిది పది పెట్టెలు, ఒక గార్డుపెట్టె. ఒక్కొక్కటి జానెడుకంటె చిన్నది. స్టేషనుస్టేషనునకు ఆగుచు, ఒక పెట్టెను విడుచుచు, ఒకదానిని తగిలించుకొనుచు పోవు ఆ షంటింగు గూడ్సు బల్లకు కొలిచినట్లుండును.

ఇది చోటు చాలక చేసికొను సర్దుబాటు మాత్రమే కాదు. నిజమైన రైలుమార్గముమీద కూడ ఆ బండి కనుమరుగైనది. విడివిడి పెట్టెలను ఊరూర ఏరి, పెద్దయార్డులలో ఏరుపరచి, మరల కట్టుటకు పట్టు కాలము, ఖర్చు భరింపలేక రైల్వేవారు 1980లలో ఆ పద్ధతిని క్రమముగా విడనాడి, ఒకచోటనుండి ఒకచోటికి పూర్తిబండిని నింపిపంపు పద్ధతికి మారిరి. దేశమునకు అందువలన మేలే జరిగినది. ఉన్న పట్టాలమీదనే ఎన్నోరెట్లు బొగ్గు, ధాన్యము పోసాగినవి. కాని ఒక్క పెట్టె మాత్రమే నింపగలిగిన నారవర్తకుడు, అర పెట్టె బియ్యము పంపు చిన్నమిల్లువాడు లారీ పిలువవలసి వచ్చినది. కలకత్తా–మద్రాసు రాజరహదారి ఆ జిల్లాగుండనే పోవుచున్నది గనుక లారీకి కొదువ లేదు. కాబట్టి 1990 నాటి పొందూరు శాఖను కట్టదలచినచో నిజాయితీగా కట్టవలసినది గడ్డిమొలచిన సైడింగు, తాళమువేసిన షెడ్డు, వెలుపల రోడ్డుమీద లారీల వరుస. అట్టి బొమ్మను చేయుటకు గుండెనిబ్బరము కావలెను, చేసినవాడు చూపించుకొనదగినదే. పిల్లలు మాత్రము 1960 నే కోరుకొందురు.

సంవత్సరము కుదిరినపిమ్మట నెల కుదురవలెను. ఈ ఒక్క సంగతి మరచుటచేత చక్కని బొమ్మరైళ్లు కూడ యంత్రములవలె తోచును. కార్తీకమునకు గోగునార రాక హెచ్చును. సంక్రాంతినుండి వడ్లు, బియ్యము. ఆ నెలలలోనే చెరకుగానుగలు తిరుగును, బెల్లము దిగును. ఎండలు ముదిరినకొలది నౌపడ మళ్లలో ఉప్పు పేరుకొనును. ఉప్పుపెట్టె పాలకొండవైపు పోవును. శ్రావణములో వానలు పట్టినచో శాఖమీద రెండువారములు కిరసనాయిలు పీపాలు, సిమెంటు బస్తాలు తప్ప మరేమియు లేకుండును. నడుపువానికి ఆ రెండువారములు విసుగు పుట్టును. పుట్టవలెను గూడ, స్టేషనుమాష్టరునకు పుట్టలేదా?

ఖాళీపెట్టెల మాట వేరుగ చెప్పవలెను. నిండిన ప్రతిపెట్టె ఎక్కడినుండియో ఖాళీగా వచ్చినది; దించిన ప్రతిపెట్టె ఎక్కడికో ఖాళీగా పోవలసినది. పాలకొండనుండి బియ్యమునకు పది పెట్టెలు కావలసి, లోపలికి పోవు ఉప్పు, సిమెంటు నాలుగు పెట్టెలే యైనచో, ఆరు పెట్టెలు వట్టివిగా లోపలికి పోక తప్పదు. మాంగనీసు పెట్టె తిరుగుప్రయాణములో బియ్యము పోయుటకు రాదు. మూత లేదు, దుమ్ము. పీపాపెట్టెలో పీపాసరుకే. ఈ చిక్కు బల్లమీద తెలిసిన విద్యార్థికి వర్తకశాస్త్రములో రవాణా అధ్యాయము వేరుగ బోధింపనక్కరలేదు.

పని నడచుటకు ప్రతిపెట్టెకు ఒక అట్టముక్క చాలును. ఎక్కించిన స్టేషను, దింపవలసిన స్టేషను, సరుకు, బరువు, పంపినవాడు, పుచ్చుకొనువాడు; నిజమైన రైల్వేరసీదులో నున్నవియే. బండి స్టేషనులో ఆగినపుడు స్టేషనుమాష్టరైన విద్యార్థి ఆ ముక్కలు చదివి, ఏ పెట్టె విప్పవలెనో ఇంజను నడుపువానికి చెప్పును. ముక్కమీద వ్రాయుటకు ముందు ప్రతిసరుకును తరగతిలో వాదనకు పెట్టవలెను. రాజాము నార నెల్లిమర్లకేనా, విశాఖపట్టణము రేవునకా? ఆమదాలవలసలో సహకార చక్కెర ఫ్యాక్టరీ ఉండిన కాలమున పాలకొండవైపు చెరకు అక్కడికి పోవునా, గానుగలో బెల్లమగునా? తండ్రులను, తాతలను అడిగి రమ్మన్నచో మరునాటికి ఒక్కొక్క ప్రశ్నకు మూడు సమాధానములు వచ్చును. మూడింటికిని మూడు ముక్కలు వ్రాయవచ్చును.

అట్లు ఒక జనవరి నెల ఉదయపు బండికి ముక్కలు సిద్ధమైనవనుకొన్నచో అవి ఇట్లుండును. బియ్యము, రాజామునుండి, రెండు మూతపెట్టెలు. ఖాళీ గోనెసంచులు, నెల్లిమర్లనుండి పాలకొండకు, ఒక పెట్టె. గోగునార, చివరికోత, ఒక పెట్టె, ముప్పాతిక నిండినది. కిరసనాయిలు పీపాపెట్టె ఒకటి, ఖాళీగా విశాఖపట్టణమునకు. వట్టిపెట్టెలు మూడు, పాలకొండకు. తెల్లరంగుపెట్టె తయారుచేసిన కుఱ్ఱవాడు దానిమీది అక్షరములు తుడిచి, బియ్యమునకు ఇచ్చివేయవలెను. వాని చేతికి వేరొక చిన్నముక్క వచ్చును. అది గూడ్సుబండిది కాదు. మధ్యాహ్నపు ప్యాసింజరు, గార్డుపెట్టె, పొందూరునుండి ఒక మూట.